కుడి వెయ్యమంటున్నారు, ఛార్టులో వైపే లేదు

ప్రశ్న

పాలకొల్లు దగ్గర ఒక పల్లె నుంచి వచ్చిన ఉత్తరం ఇది. పేరు వెయ్యొద్దన్నారు. వయసు 27. బీఎస్సీ జువాలజీ తర్వాత రాజమండ్రిలో కోచింగ్ తీసుకుని మెడికల్ కోడర్ల సర్టిఫికేట్ పరీక్ష సీపీసీ పాసయ్యారు. రెండేళ్లుగా హైదరాబాద్ కంపెనీ ఒకదానికి ఇంటి నుంచే మెడికల్ కోడింగ్ చేస్తున్నారు, అంటే ఛార్టులో డాక్టరు రాసిన జబ్బునీ చికిత్సనీ బిల్లు కోసం కోడ్లుగా మార్చే పని. అమెరికా ఆసుపత్రుల ఎమర్జెన్సీ ఛార్టులు, డాక్టరు ఫీజు వైపూ ఆసుపత్రి వైపూ రెండూ ఈమే కోడ్ చెయ్యాలి. భర్త రొయ్యల చెరువులు లీజుకు చేస్తారు. ఆ రాబడి పంట పంటకీ మారిపోతుంది కాబట్టి ఇంటి లోను ఈఎంఐ ఈమె జీతం మీదే నడుస్తోంది.

పోయిన నెల ఆడిట్‌లో 95 శాతం రావాల్సింది 91 దగ్గర ఆగింది. పోయిన మార్కులన్నీ చేతి మీద కాట్ల ఛార్టుల్లోనే పోయాయి. చూపించిన తప్పులు ఐదు. 'కుక్క కాటు వల్ల ఎడమ చూపుడు వేలికి లాసరేషన్' అని ఉన్నచోట లాసరేషన్ (తెగిన గాయం) కోడ్ వేశారు. ఇంకో ఛార్టులో హిస్టరీలో కుడి చెయ్యి, డాక్టరు ఎగ్జామ్‌లో ఎడమ చెయ్యి, ట్రయాజ్ నర్సు నోట్‌లో ఎడమ చెయ్యి అని ఉంటే ఈమె కుడి వేశారు. మూడో దాంట్లో చూపుడు వేలని ఉంది కానీ ఏ చేతిదో లేదు; ఎస్61.259ఏ వేశారు. నాలుగోది రెండు కుట్లు పడిన కుక్క కాటు. కుట్టుకి సింపుల్ కోడ్ 12001 వేస్తే ఇంటర్మీడియట్ కోడ్ 12041 వెయ్యాలన్నారు. ఐదోది 'కుడి నాలుగో నకిల్ (వేలి కణుపు) మీద గాటు, పంటి గాయం కావచ్చు, ఎలా తగిలిందో పేషెంట్ చెప్పడం లేదు' అన్న ఛార్టు. ఈమె మనిషి కాటు అని, పైగా దాడి అని కోడ్ చేశారు.

టీమ్ లీడ్ (టీఎల్) ఫోన్ చేసి ఇలా అన్నారట: "కుక్క కాటుకి కుట్టు పడితే ఇంటర్మీడియట్ వేసెయ్. వైపు లేకపోతే కుడి వెయ్, ఎక్కువ మంది కుడిచేతి వాటం వాళ్లే కదా. క్వెరీలు పెడితే టీఏటీ పోతుంది." క్వెరీ అంటే డాక్టర్‌ని స్పష్టత అడిగే రాత ప్రశ్న, టీఏటీ అంటే ఛార్టు పూర్తి చెయ్యాల్సిన గడువు. ఆ వెంటే పీఐపీ (పనితీరు మెరుగుపరుచుకోమని పెట్టే గడువు) హెచ్చరిక మెయిల్ వచ్చింది. అత్తగారు "పొద్దస్తమానూ కుక్కకాట్లు లెక్కెట్టడం కూడా ఒక ఉద్యోగవేనా" అంటున్నారు. భర్త మానేసి భీమవరంలో ఏదైనా నర్సింగ్ హోమ్ ఇన్సూరెన్స్ డెస్క్‌లో చేరమంటున్నారు. టీఎల్ చెప్పినట్టు చెయ్యాలా, ఎదురు చెప్పాలా, పైకి ఫిర్యాదు చెయ్యాలా, రాజీనామా ఇవ్వాలా అని ఈమె అడుగుతున్నారు. ఉత్తరంతో పాటు మూడు స్క్రీన్‌షాట్లు జత చేశారు.

సమాధానం

ముందు ఆ స్క్రీన్‌షాట్ల సంగతి. వాటిని చెరిపేశాం. మీరూ ఈ ఉత్తరం చదివిన వెంటనే మీ ఫోన్‌లోంచి, మెయిల్ 'సెంట్' ఫోల్డర్‌లోంచి, ఫొటోల బ్యాకప్‌లోంచి చెరిపెయ్యండి. రెండింట్లో పేరు కొట్టేశారు, నిజమే. కానీ పేషెంట్ల వివరాలు కాపాడే అమెరికా చట్టం హిపా నిబంధనల్లో పేషెంట్‌ని గుర్తుపట్టించే వివరాలు 18 రకాలు. చికిత్స తేదీ, మెడికల్ రికార్డు నంబరు, అకౌంట్ నంబరు కూడా వాటిలోకే వస్తాయి. అవి కనిపిస్తూనే ఉన్నాయి. కోడింగ్ తప్పుకి మార్కులు పోతాయి. పేషెంట్ వివరాలు బయటికి పంపితే ఉద్యోగం పోతుంది, అదీ మీరు చెప్పేది వినకుండానే. టీఎల్ మీద ఫిర్యాదు చేద్దామని మీరు అనుకుంటున్న వేళ అవతలివాళ్ల చేతికి ఇంతకంటే మంచి ఆయుధం దొరకదు. కోడర్ల వాట్సాప్ గ్రూపులో ఇలాంటివి పెట్టి "ఇది ఎలా కోడ్ చేస్తారు?" అని అడిగే అలవాటుంటే అదీ ఆపండి. ఛార్టు అవసరం లేకుండా ప్రశ్నని సొంత మాటల్లో అడగొచ్చు. మాకు రాసిన ఉత్తరంలో మీరు చేసింది అదే, అది చాలింది.

ఇక ఆ ఐదు తప్పులు. ఇవన్నీ ఒకే మూటగా చూస్తున్నారు కాబట్టే మీకు అన్యాయం జరిగినట్టూ, మీకే ఏమీ రానట్టూ రెండూ ఒకేసారి అనిపిస్తోంది. విప్పి చూస్తే మూడు మీవి, ఒకటి సగం మీది, ఒకటి అసలు మీది కాదు. ఆడిట్ మీద అభ్యంతరం, అంటే రిబటల్, రాసేముందు ఈ లెక్క మీకు తేలాలి. ఐదింటి మీదా పోట్లాడితే గెలవాల్సింది కూడా ఓడిపోతారు.

మొదటిది మీదే. జబ్బులకీ గాయాలకీ అమెరికా వాడే కోడ్ల జాబితా ఐసీడీ-10-సీఎంలో మణికట్టు, చెయ్యి, వేళ్ల తెరుచుకున్న గాయాలన్నీ ఎస్61లో ఉంటాయి. లాసరేషన్‌కి ఒక వరస, గుచ్చుకున్న గాయానికి, అంటే పంక్చర్‌కి, ఒక వరస, కాటుకి విడిగా ఒక వరస. డాక్టరు 'లాసరేషన్' అన్నా 'పంక్చర్' అన్నా, అది కాటు వల్ల అయిందని రాసి ఉంటే కాటు వరసలోకే వెళ్లాలి. ఇండెక్స్‌లో లాసరేషన్ దగ్గర వెతకడం మొదలుపెడితే ఎస్61.211 దగ్గర ఆగిపోతారు. 'బైట్' దగ్గర మొదలుపెడితే ఎడమ చూపుడు వేలికి ఎస్61.251ఏ వస్తుంది. పిల్లి కాటు ఛార్టుల్లో ఈ తప్పు ఇంకా ఎక్కువ. పిల్లి పళ్లు సూదుల్లా ఉంటాయి కాబట్టి డాక్టర్లు చాలాసార్లు 'పంక్చర్' అనే రాస్తారు.

కాటు వరస చేతిలో ఎలా చీలుతుందో ఒకసారి కాగితం మీద రాసి మానిటర్ పక్కన అంటించుకోండి. గోరు దెబ్బతినని బొటనవేలు ఎస్61.05, గోరు దెబ్బతింటే ఎస్61.15. మిగతా వేళ్లు గోరు బాగుంటే ఎస్61.25, గోరు దెబ్బతింటే ఎస్61.35. అరచెయ్యి, చేతి వెనకభాగం ఎస్61.45. మణికట్టు ఎస్61.55. బొటనవేలు, చెయ్యి, మణికట్టులకి ఆరో అంకె 1 అయితే కుడి, 2 ఎడమ, 9 తెలియదు. వేళ్ల దగ్గర లెక్క మారిపోతుంది: 0 కుడి చూపుడు, 1 ఎడమ చూపుడు, 2 కుడి మధ్య, 3 ఎడమ మధ్య, అలా 7 ఎడమ చిటికెన వరకూ. ఇక్కడ సరి అంకె కుడి, బేసి ఎడమ. చెయ్యి కోడ్ వేసిన అలవాటులో చూపుడు వేలికి 1 వేసి అది కుడి అనుకుంటే వైపు తలకిందులవుతుంది. చెయ్యీ రెండు వేళ్లూ కలిపి కరిస్తే మూడు కోడ్లూ వెయ్యాలి. చర్మం తెగకుండా పళ్ల గుర్తులు మాత్రమే పడితే ఇది ఎస్61 కాదు, ఎస్60లోకి వెళ్లాలి: వేళ్లకి ఎస్60.47, చేతికి ఎస్60.57. కాటుకి ఎముక విరిగి ఓపెన్ ఫ్రాక్చర్ అయితే ఎస్62, ఏడో అక్షరం బీ. దాంతో పాటు అదే చోటుకి ఎస్61 వెయ్యకూడదు.

మూడోది కూడా ఆడిటర్ మాటే సరైంది. వేలు తెలిసి, వైపు తెలియకపోతే ఎస్61.259 కాదు, ఎస్61.258. ఆ కోడ్ కింద చేర్పు వాక్యం చూడండి: నిర్దిష్టమైన వేలు, వైపు తెలియదు. 259 ఏ వేలో కూడా తెలియనప్పుడు వేసేది. కోడ్ల పూర్తి పట్టిక, అంటే టాబ్యులర్ లిస్టు, తెరవకుండా ఎన్‌కోడర్ సాఫ్ట్‌వేర్ చూపిన చివరి వరస నొక్కే వాళ్లందరూ ఇక్కడ జారతారు. ఈ ఛార్టులో మీరు చెయ్యాల్సిన పని ఇంకొకటుంది. నర్సు నోట్‌లోనో, ఎక్స్‌రే ఆర్డర్‌లోనో వైపు ఉందేమో చూశారా? ఐసీడీ మార్గదర్శకాల మొదటి సెక్షన్, బి భాగం, 13వ అంశం ప్రకారం డాక్టరు వైపు రాయనప్పుడు ఇతర క్లినీషియన్లు రాసినదాన్ని బట్టి వైపు కోడ్ చెయ్యొచ్చు. నర్సు నోట్ ముట్టుకోకూడదని కోచింగ్‌లో నేర్పి ఉంటారు. వైపు విషయంలో ఇప్పుడది చెల్లదు.

అదే అంశం రెండో ఛార్టుకీ వర్తిస్తుంది, కానీ వేరేగా. అక్కడ వైపు రాయకపోవడం సమస్య కాదు, డాక్టరు రాతలోనే రెండు వైపులున్నాయి. పరస్పర విరుద్ధంగా ఉంటే డాక్టర్‌కి క్వెరీ వెయ్యాలని ఆ అంశమే చెబుతోంది. మీరు కుడి వెయ్యడం తప్పు. ఆడిటర్ రెండుకి ఒకటి ఓటు చూసి ఎడమ అనడమూ మార్గదర్శకం ప్రకారం నిలవదు. చాలా కంపెనీల్లో ఎగ్జామ్‌కే పెద్దపీట వేస్తారు, ఎందుకంటే అది డాక్టరు కళ్లతో చూసి రాసింది, హిస్టరీ పేషెంట్ చెప్పగా స్క్రైబ్ టైపు చేసింది. ఆ తర్కం బాగానే ఉంటుంది. కానీ ఆ ఎగ్జామ్ టెంప్లేట్‌లోంచి వచ్చిందైతే? పోయినసారి విజిట్ నుంచి కాపీ అయిందైతే? మీ క్లయింట్ పని నియమాల పత్రం ఎస్‌ఓపీలో 'విరుద్ధంగా ఉంటే ఎగ్జామ్ ప్రకారం' అని రాతపూర్వకంగా ఉంటే ఆడిటర్ మార్కు కొట్టడం న్యాయమే. లేకపోతే ఆ తప్పుని 'కోడర్ ఎర్రర్' నుంచి 'క్వెరీ అవసరం' కిందికి మార్చమని అడగండి. మార్కు మొత్తం తిరిగి రాకపోవచ్చు, పీఐపీ లెక్కలో దాని బరువు తగ్గుతుంది.

ఆ క్వెరీ ఎలా రాయాలో మీ టీమ్‌లో ఎవరూ నేర్పలేదని మీ ఉత్తరం చూస్తే తెలుస్తోంది. 'ఎడమ చెయ్యే కదా, ధృవీకరించండి' అని రాస్తే అది జవాబు చేతిలో పెట్టి అడగడం, నిబంధనలకి తగిన (కంప్లయంట్) క్వెరీ కాదు. రెండు చోట్ల ఉన్న మాటల్నీ ఉన్నవి ఉన్నట్టు చూపించి, గాయం ఏ వైపో స్పష్టం చెయ్యమని అడిగి, కుడి, ఎడమ, రెండూ, చెప్పలేను అని నాలుగు దారులూ ఇవ్వాలి. బిల్లు మాటా డబ్బు మాటా అందులో రాకూడదు. ఇలా ఒక నమూనా చేసి పెట్టుకుంటే క్వెరీకి పట్టేది ఒకటి రెండు నిమిషాలే. టీఏటీ నిజంగా పోయేది క్వెరీ రాయడంలో కాదు, జవాబు కోసం ఛార్టు ఆగడంలో. ఆ ఆగడాన్ని 'పెండింగ్ - క్వెరీ' స్టేటస్‌లో పెడితే మీ ఖాతాలో పడకూడదు. మీ టూల్‌లో ఆ స్టేటస్ ఉందో లేదో కనుక్కోండి. లేకపోతే అదే మీ మొదటి ఫిర్యాదు కావాలి. టీఎల్ ఫోన్ మాటకంటే ఇది రుజువు చెయ్యడం తేలిక.

ఐదోది మీదే, పైగా అన్నిట్లోకీ పెద్దది. 'పంటి గాయం కావచ్చు' అన్నారు. ఎమర్జెన్సీ ఔట్‌పేషెంట్ కిందికి వస్తుంది. ఔట్‌పేషెంట్‌లో 'కావచ్చు', 'అనుమానం', 'బహుశా' అన్న రోగనిర్ధారణల్ని ఉన్నట్టుగా కోడ్ చెయ్యకూడదు. ఇన్‌పేషెంట్‌లో డిశ్చార్జి వేళ ఉన్న అనుమానాన్ని కోడ్ చెయ్యొచ్చు, ఆ అలవాటు ఇక్కడికి రాకూడదు. కాబట్టి ఆ గాయం కాటు కాదు, లాసరేషన్. దాడి కోడ్‌కీ ఛార్టులో ఆధారం లేదు. ఎలా తగిలిందో తెలియనప్పుడు ప్రమాదవశాత్తూ అన్నట్టే కోడ్ చెయ్యాలని బాహ్య కారణాల అధ్యాయం చెబుతుంది. ఉద్దేశం నిర్ధారించలేకపోయామని రికార్డులో రాసి ఉంటే తప్ప 'అనిశ్చితం' కోడ్‌లు కూడా పనికిరావు. ఒక మనిషి మీద దాడి అని రికార్డుకెక్కడం చిన్న విషయం కాదు. మీకు ఊహ సరిగ్గానే తట్టింది, బహుశా ఎవరి నోటి మీదో గుద్ది ఉంటాడు. కానీ ఊహించడం కోడర్ పని కాదు.

ఈ పిడికిలి గాయం గురించి ఇంకాస్త తెలుసుకోండి, మీ క్వెరీలు బలపడతాయి. పిడికిలి బిగించి కొట్టినప్పుడు చర్మం, దాని కింద వేలిని చాచే ఎక్స్‌టెన్సర్ టెండన్ (స్నాయువు), దాని కింద కీలు ఒకదాని మీద ఒకటి సాగి ఉంటాయి. పన్ను మూడింట్లోంచీ దిగొచ్చు. పిడికిలి విప్పగానే టెండన్ వెనక్కి జారి, రంధ్రం చర్మం కింద దాక్కుంటుంది. పైన చూస్తే చిన్న గాటు, లోపల కీలులో నోటి సూక్ష్మజీవులు. అందుకే మంచి డాక్టర్లు 'పిడికిలి బిగించి పరీక్షించాను, టెండన్ కనిపించింది / కీలు తెరుచుకోలేదు, ఎక్స్‌రేలో పంటి ముక్క లేదు' అని రాస్తారు. ఆ వాక్యాలే మీకు ఎస్66 టెండన్ కోడ్ ఉందో లేదో, లోపల మిగిలిపోయిన పంటికి జెడ్18.32 వెయ్యాలో వద్దో చెబుతాయి. 'నకిల్' అన్న మాట కూడా సరిపోదు. వేలు చేతిని కలిసే కీలైతే చెయ్యి, వేలి మధ్య కీలైతే వేలు. వేరే వేరే కోడ్లు. అందుకే కీలు పేరు కోసం ఒక క్వెరీ న్యాయమే.

నాలుగోది మాత్రం మీరు వదలొద్దు. చికిత్సల కోడ్ల పుస్తకం సీపీటీలో 12001 సింపుల్ రిపేర్: ఒకే పొర కుట్టు, రెండున్నర సెంటీమీటర్ల వరకూ. 12041 చేతులకి ఇంటర్మీడియట్, అదే పొడవు. ఇంటర్మీడియట్ కావాలంటే లోపలి పొరలు కూడా కుట్టి ఉండాలి. లేదా ఒకే పొర కుట్టినా, గాయం తీవ్రంగా కలుషితమై దాన్ని విస్తృతంగా శుభ్రం చెయ్యాల్సి వచ్చిందనో, లోపల ఇరుక్కున్న మట్టీ చెత్తా తీశామనో రాసి ఉండాలి. టీఎల్ పట్టుకున్నది ఈ రెండోదాన్నే. కుక్క నోరు మురికి కాబట్టి ప్రతి కాటూ తీవ్ర కలుషితమే అని వాదన. మీ ఛార్టులో ఉన్నది 'నార్మల్ సెలైన్‌తో ఇరిగేట్ చేసి రెండు కుట్లు' అని మీరే రాశారు. సెలైన్ కడగడం ప్రతి గాయానికీ చేసే మామూలు పనే, అది సింపుల్ రిపేర్‌లో కలిసే ఉంటుంది. కాటు అన్న మాట ఒక్కటే కోడ్‌ని పెంచదు. అసలు చేతి కాట్లని ఇన్ఫెక్షన్ భయంతో చాలాసార్లు కుట్టకుండా వదిలేస్తారు. అలాంటి చోట వరసగా ఇంటర్మీడియట్ రిపేర్లు కనిపిస్తే బీమా కంపెనీ కళ్లు మొదట పడేది వాటిమీదే.

పొడవు కూడా చూసుకోండి. ఒకే చేతి మీద ఒకటిన్నర, రెండు సెంటీమీటర్ల గాయాలు రెండూ సింపుల్‌గా కుడితే రెండు 12001లు కాదు. కలిపి మూడున్నర, 12002. స్టెరీ-స్ట్రిప్స్ మాత్రమే అంటిస్తే రిపేర్ కోడే లేదు, అది విజిట్‌లో కలిసిపోతుంది. పొడవే రాయకపోతే ఊహించొద్దు, క్వెరీ. రిపేర్ ఉన్నప్పుడు అదే రోజు విజిట్ కోడ్‌కి 25 మాడిఫయర్ (కోడ్‌కి తగిలించే గుర్తు) కావాలంటే కుట్టుకి సంబంధించని మూల్యాంకనం విడిగా కనబడాలి. రేబిస్ ముప్పు అంచనా, యాంటీబయాటిక్ నిర్ణయం అందుకు సాధారణంగా సరిపోతాయి.

మీరు అడగకపోయినా ఉత్తరంలో కనిపించిన ఒక సందేహం. 'మన దగ్గర రేబిస్‌కి ఐదు ఇంజెక్షన్లు కదా, ఛార్టులో నాలుగే ప్లాన్ చేశారు, డాక్యుమెంటేషన్ తప్పేమో' అని ఆగిపోయానన్నారు. తప్పు కాదు. అమెరికాలో 2010 నుంచి రోగనిరోధక శక్తి మామూలుగా ఉన్నవాళ్లకి 0, 3, 7, 14 రోజుల్లో నాలుగే. శక్తి తగ్గినవాళ్లకి 28వ రోజు ఐదోది. ఇంతకుముందు పూర్తిగా టీకా వేయించుకున్నవాళ్లకి రెండే, తయారైన యాంటీబాడీల మందు ఇమ్యునోగ్లోబులిన్ అసలు ఉండదు. మన పీహెచ్‌సీల్లో చర్మంలోకి ఇచ్చేది 0, 3, 7, 28, కండలోకి ఇచ్చేది 0, 3, 7, 14, 28. మన లెక్కతో వాళ్ల ఛార్టు దిద్దకూడదు. మీరు కోడ్ చేసేది ఆ రోజు నిజంగా ఇచ్చిన డోసు మాత్రమే: టీకాకి 90675, ఇవ్వడానికి 90471. ఇమ్యునోగ్లోబులిన్ టీకా కాదు కాబట్టి దాన్ని ఇచ్చినందుకు 90471 కాదు, 96372. ఇవి నర్సు ఇచ్చేవి, మందు ఆసుపత్రిది కాబట్టి ఆసుపత్రి వైపే వెళ్తాయి, డాక్టరు ఫీజు వైపు వేస్తే అదో ఎర్రర్. ఇమ్యునోగ్లోబులిన్ కిలోకి 20 ఐయూ లెక్కన ఇస్తారు, 70 కిలోల మనిషికి 1400. బరువూ మొత్తం ఐయూలూ రెండూ రాసి ఉన్నాయో చూడండి. ఛార్టులో అంకెలు పొంతన లేకపోతే యూనిట్ల దగ్గర దెబ్బతింటారు.

డయాగ్నోసిస్ వైపు రేబిస్ ముప్పుకి జెడ్20.3. టీకా వేసిన ఆ ఇంటి కుక్కే అని, పది రోజులు గమనిస్తామని మాత్రమే రాసి, ముప్పు మాటే లేకపోతే అలవాటుగా దాన్ని తగిలించకండి. కుక్క కాటు డబ్ల్యూ54.0ఎక్స్‌ఎక్స్‌ఏ, పిల్లి కాటు డబ్ల్యూ55.01ఎక్స్‌ఏ, ఎక్స్‌లు మర్చిపోతే క్లెయిమ్ వెనక్కి వస్తుంది. ఈ కారణం కోడ్లు ఎప్పుడూ మొదటి స్థానంలో ఉండవు. ఏడో అక్షరం ఏ, డి అన్నది మొదటి విజిటా రెండోదా అన్నదాన్ని బట్టి కాదు, గాయానికి యాక్టివ్ చికిత్స నడుస్తోందా అన్నదాన్ని బట్టి. కాటు ఇన్ఫెక్షన్ చర్మం కింద పాకి సెల్యులైటిస్ అయితే వేలికి ఎల్03.011 లేదా 012, చేతికి ఎల్03.113 లేదా 114. 'చెయ్యి' అని ఉంటే వేలి కోడ్‌లోకి పోకండి.

ఇప్పుడు టీఎల్ సంగతి. ఆయన చెప్పినట్టు చేస్తే వచ్చే నెల స్కోరు పెరగొచ్చు, ఎందుకంటే ఆడిటరూ ఆయన మాటే వింటున్నట్టుంది. కానీ ప్రతి ఛార్టులోనూ కోడ్ వేసింది ఎవరో మీ లాగిన్ ఐడీతో నమోదవుతుంది. ఆయన ఫోన్ మాట ఎక్కడా నమోదు కాదు. క్లయింట్ బయటి ఆడిట్ పెట్టించి కాట్లకి వరసగా 12041లూ, వైపు లేని చోట వరసగా కుడులూ చూస్తే అడిగేది మిమ్మల్నే. అమెరికా ఫాల్స్ క్లెయిమ్స్ చట్టంలో 'తెలిసి' అన్న మాటకి అర్థం పచ్చి అబద్ధమని తెలియడం ఒక్కటే కాదు. తెలుసుకోకుండా కావాలని కళ్లు మూసుకోవడం, నిర్లక్ష్యంగా పట్టించుకోకపోవడం కూడా అందులోకే వస్తాయి. పాలకొల్లులో కూర్చున్న కోడర్‌ని అమెరికా కోర్టుకి లాగుతారని భయపెట్టడం మా ఉద్దేశం కాదు, అలా జరగడం చాలా అరుదు. జరిగేది ఏమిటంటే కాంట్రాక్టు పోతుంది, కారణంగా కొందరి పేర్లు బయటికి వస్తాయి, సర్టిఫికేట్ మీద సీపీసీ ఇచ్చే సంస్థ ఏఏపీసీకి నైతిక ఫిర్యాదు వెళ్లొచ్చు.

ఎవరికీ చెప్పకుండా, ఆయన మాట వినకుండా మీ పద్ధతిలో చేసుకుపోవడం రెండో దారి. మనసుకి హాయిగా ఉంటుంది. స్కోరు మాత్రం 91 దగ్గరే ఉంటుంది, పీఐపీ ముగిసేసరికి మీకు మాట్లాడ్డానికి ఏ కాగితమూ ఉండదు. ఇలాంటి పరిస్థితుల్లో చాలామంది ఎంచుకునే దారి ఇదే, మా దృష్టిలో అన్నిట్లోకీ నష్టమైనది కూడా ఇదే.

మూడోది, ఆయన మాటని కాగితం మీదికి తేవడం. కంపెనీ మెయిల్‌లో, కోపం లేకుండా: 'ఈ రోజు ఫోన్‌లో మీరు చెప్పింది నేను ఇలా అర్థం చేసుకున్నాను. కాటు గాయం కుడితే ఇంటర్మీడియట్ వెయ్యాలి, వైపు లేకపోతే కుడి వెయ్యాలి. సీపీటీ నిర్వచనానికీ, ఐసీడీ మార్గదర్శకానికీ ఇది ఎలా కలుస్తుందో నాకు అర్థం కాలేదు. క్లయింట్ ఎస్‌ఓపీలో ఎక్కడుందో చూపిస్తే చదువుకుంటాను.' దీనికి సాధారణంగా మూడు రకాల స్పందన వస్తుంది. 'నేనలా అనలేదు' అని వెనక్కి తగ్గుతారు, అప్పుడు ఆ ఆదేశం చచ్చిపోయినట్టే. లేదా ఎస్‌ఓపీ చూపిస్తారు. పొడవు లేనప్పుడు అతి తక్కువ కోడ్ వెయ్యమనే నియమంలాంటివి క్లయింట్ పెట్టుకోవచ్చు, వాటిని పాటించండి. కానీ సింపుల్‌ని ఇంటర్మీడియట్ చేసే అధికారం ఏ ఎస్‌ఓపీకీ లేదు. లేదా జవాబు రాయకుండా మళ్లీ ఫోనే చేస్తారు. అప్పుడు అర్థమైపోతుంది. ఈ మెయిల్ పంపితే ఆయనకి మీమీద కొన్నాళ్లు చిరాకుంటుంది. షిఫ్టులూ, సెలవులూ ఆయన చేతిలోనే ఉంటే ఆ చిరాకు మీకు తగులుతుంది కూడా. అది లెక్కలో వేసుకునే పంపండి.

నాలుగోది, నిబంధనలు పాటిస్తున్నారో లేదో చూసే కంప్లయన్స్ విభాగం. ఫోన్‌లో విన్న ఒక్క మాట పట్టుకుని వెళ్తే 'అపార్థం' అని ఫైలు మూసేస్తారు. పై మెయిల్‌కి జవాబు రాకపోయినా, ఇంకో ఇద్దరు కోడర్లకి ఇదే ఆదేశం వచ్చినా వెళ్లండి. ఛార్టులని కంపెనీ సిస్టమ్‌లోని అకౌంట్ నంబర్లతో, కంపెనీ మెయిల్‌లోనే చూపండి. ఒక్క పేజీ కూడా మీ సొంత మెయిల్‌కి పంపుకోవద్దు. ప్రతీకారం ఉండకూడదని చాలా కంపెనీల పాలసీల్లో రాసి ఉంటుంది. రాసి ఉండటం వేరు, జరగకపోవడం వేరు. కాబట్టి ఈఎంఐకి రెండు మూడు నెలల డబ్బు పక్కన ఉన్నాక ఈ మెట్టు ఎక్కితే నిద్ర పడుతుంది.

రాజీనామా గురించి మీవారి మాట తీసెయ్యదగ్గది కాదు. కానీ భీమవరం నర్సింగ్ హోమ్ ఇన్సూరెన్స్ డెస్క్‌లో మీ సీపీసీకి పెద్దగా విలువ ఉండదు. అక్కడ పని బీమా క్లెయిములు చూసే టీపీఏల ఫారాలు, ముందస్తు అనుమతులు, ఎన్టీఆర్ వైద్య సేవ ప్యాకేజీలు. కోడ్ అడిగినా ప్రపంచ ఆరోగ్య సంస్థ ఐసీడీ-10 ఉంటుంది. అందులో ఎస్61.0 అంటే వేళ్లన్నీ. మీరు ఇప్పుడు వాడే అమెరికా రూపంలో అది బొటనవేలు మాత్రమే. మీ అలవాటు అక్కడ తప్పులు చేయిస్తుంది, జీతమూ తగ్గే అవకాశమే ఎక్కువ. రాత్రి షిఫ్టు ఉండదు, అదొక్కటీ నిజమైన లాభం. మానేసేదైనా పీఐపీ నడుస్తుండగా మానకండి. రిలీవింగ్ లెటర్ దగ్గర ఇబ్బంది పెట్టొచ్చు, తర్వాత ఇంటర్వ్యూలో ఎందుకు వదిలారో చెప్పడమూ కష్టం. అదే కంపెనీలో రేడియాలజీకో సర్జరీకో మారమని అడగడం మధ్యదారి. కొత్త విభాగంలో మొదటి నెలలు స్కోరు ఎలాగూ తగ్గుతుంది, కాబట్టి ఆ మార్పుకి అలవాటుపడే (ర్యాంప్-అప్) గడువు రాతలో తీసుకోండి.

అత్తగారికి ఏం జవాబు చెప్పాలో మాకు తెలియదు. ఈఎంఐ ఎవరి జీతంలోంచి వెళ్తోందో ఆవిడకి తెలిసే ఉంటుంది.

రిబటల్‌కి చాలా చోట్ల గడువు 48 గంటలో 72 గంటలో ఉంటుంది. మీది దాటిపోతే పీఐపీ మీటింగులో అదే కాగితాన్ని పెట్టండి. నాలుగో తప్పు మీద పూర్తి వాదన, రెండోదాని మీద వర్గం మార్పు కోరడం. మిగతా మూడూ ఒప్పుకుంటున్నానని, ఇకపై కాటు ఛార్టుకి 'బైట్' దగ్గర ఇండెక్స్ మొదలుపెడతానని, వేళ్ల పట్టిక పక్కన పెట్టుకుంటానని, 'కావచ్చు'ని కోడ్ చెయ్యనని ఒక్కో వాక్యం. నాలుగోదానికి ఛార్టులోని రిపేర్ పేరా మాటల్ని ఉన్నవి ఉన్నట్టు రాసి, పక్కన సీపీటీ పుస్తకంలోని ఇంటర్మీడియట్ రిపేర్ నిర్వచనం పెట్టండి. అంతకుమించి విశేషణాలు వద్దు. చదివేవాళ్లకి రెండూ పక్కపక్కన కనబడితే చాలు.